బాష్పీభవనమా, ఇగరడమా?

మడివాళ, బెంగళూరు:
మా అమ్మాయి ఆరో తరగతి, రెండో భాష కన్నడ. ఎవాపరేషన్‌ని కన్నడంలో ‘ఆవియాగువికె’ అంటారట, తెలుగులో ఏమంటారు నాన్నా అంది. బాష్పీభవనం అన్నాను. బాష్పమంటే ఆవిరీ, కన్నీళ్లూ కూడా అనేసరికి ఒకటే నవ్వు. వంటింట్లోంచి మా అమ్మ, “ఇగరడం అని చెప్పరా, దానికంత పేరెందుకు?” అంది. ఆ మాట సరిపోతుందా?

పెరంబూరు, చెన్నై:
భేషుగ్గా సరిపోతుందండీ. ఇక్కడ తమిళ పిల్లలు కూడా ‘ఆవియాదల్’ అనే చదువుతారు. మనమే సంస్కృతానికి పరుగెత్తాం.

జయనగర్, బెంగళూరు:
చిన్న పేచీ. కోడి ఇగురు చేసేటప్పుడు కూర కుతకుతలాడుతుంది కదా, అది మరగడం. బుడగలు అడుగునుంచే లేస్తాయి. ఎవాపరేషన్‌కి పొయ్యే అక్కర్లేదు. పళ్లెంలో నీళ్లు పెట్టి వదిలేసినా పైపొరలో చురుగ్గా ఉన్న అణువులు ఒక్కొక్కటే జారుకుంటాయి.

మడివాళ:
మరి బట్టలు ఆరడం?

పెరంబూరు:
అదీ ఇగరడమే. బట్ట వైపునుంచి చూస్తే ఆరింది, నీటి వైపునుంచి చూస్తే ఇగిరింది. ‘ఇంకడం’ మాత్రం వేరు, నీరు నేలలోకి దిగడం. చెరువు ఎండిందంటే ఈ రెండూ జరిగినట్టే. పిల్లలు తడబడేది ఇక్కడే. ఇక మా ఊళ్లో గాలినిండా తేమే, చొక్కా ఆరదు, చెమటా ఆరదు. మట్టికుండ చెమర్చి, ఆ తడి ఇగురుతూ లోపలి నీటి వేడిని పట్టుకుపోవాలి. అందుకే కర్నూలు కుండంత చల్లగా ఇక్కడి కుండ ఉండదు.

జయనగర్:
కుండ దగ్గర ఒప్పుకున్నాను. నా అసలు గొడవ ‘బాష్పీభవన స్థానం’తో. బాయిలింగ్ పాయింట్‌కి కొందరు ఆ పేరే రాస్తారు. అప్పుడు పిల్లలకి 100 డిగ్రీలొస్తేనే బాష్పీభవనం అనిపించదా? పైగా సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న మన బెంగళూరులో నీళ్లు 97 దగ్గరే మరిగిపోతాయి. మరుగుస్థానం అంటే ఏ చిక్కూ లేదు.

మడివాళ:
ఇదే మా అమ్మాయికి చెప్పాను. “అయితే ఇగురుస్థానం ఎంత?” అంది. అలాంటిది లేదమ్మా, ఫ్రిజ్‌లో నీళ్లు కూడా ఇగురుతాయి అన్నాను. ఇప్పుడు ఫ్రిజ్‌లో మూతలేని గిన్నె పెట్టి, స్కేలుతో కొలుస్తోంది.