రాత్రి వీడియోలో నల్ల పట్టీలు, నల్ల మొహాలు: తప్పు ఫోన్‌దా, సెట్టింగులదా?

కొర్లగుంట కుర్రోడు
గోవిందరాజస్వామి గుడి వీధుల్లో రాత్రి వాహన సేవ తీస్తే వీడియో నిండా నల్ల పట్టీలు పారతా ఉండాయి. స్వామి మీద ఫోకస్ లైట్లు పడిన చోట తెల్లగా పేలిపోతాంది, పక్కన జనం మొహాలు కనబడవు. 3ఎక్స్ జూమ్ నొక్కితే అంతా బురద. పగలు పర్వాలేదు గానీ, వాట్సాప్‌లో పంపినాక అదీ పోతాంది. ఆండ్రాయిడ్ ఫోన్, 50 మెగాపిక్సెల్, 1080పి 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేములు), అంతా ఆటో. ప్రో వీడియో మోడ్ ఉండాది గానీ ఎప్పుడూ తెరవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నా?

పెళ్లివీడియో తిరుపతి
ముందు పట్టీల సంగతి తేలుద్దాం తమ్ముడూ, మిగతావి దాని వెనకే వస్తాయి.

మన కరెంటు 50 హెర్ట్జ్. లైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చి తగ్గుతుంది. సెన్సర్ బొమ్మంతా ఒక్కసారిగా చదవదు, వరస తర్వాత వరసగా చదువుతుంది. షట్టర్ తెరిచి ఉన్న సమయంలో ఈ హెచ్చుతగ్గులు పూర్తి లెక్కలో పడితే అన్ని వరసలకూ సమానంగా వెలుగు అందుతుంది. సగంలో తెగితే కొన్ని వరసలకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. అదే పట్టీ. షట్టర్ 1/100 సెకనులో సరిగ్గా ఒక విడత, 1/50లో రెండు. ఆటోలో ఫోన్ 1/60కి పోతే ఒకటి ముప్పాతికకు కాస్త తక్కువ పడుతుంది, అందుకే గీతలు.

చేయాల్సింది: ప్రో వీడియో తెరిచి షట్టర్ (ఎస్ అని ఉంటుంది) 1/50 పెట్టు, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పెంచే లెక్క) ఆటోలో వదిలెయ్. ఫ్రేమ్ రేటు 25 ఉంటే 25, లేకపోతే 30 చాలు. 60 ఎఫ్‌పీఎస్‌లో 1/50 కుదరదు, 1/100 పెట్టాల్సిందే. అప్పుడు వెలుగు సగానికి పడిపోతుంది. స్లో మోషన్ 240 అయితే ఇలాంటి లైట్ల కింద ఆశ వదులుకో.

చిత్తూరు తోతాపురి
ఐఫోన్ వాళ్లకు మామూలు కెమెరా యాప్‌లో షట్టర్ పెట్టుకునే దారి లేదు కదా, వాళ్లకేంది?

పెళ్లివీడియో తిరుపతి
సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియో. అందులో షో పాల్ ఫార్మాట్స్ ఆన్ చేస్తే 25 ఎఫ్‌పీఎస్ కనబడుతుంది. 100ని 25 భాగిస్తుంది కాబట్టి పట్టీ వచ్చినా కదలకుండా ఒకచోట నిలబడుతుంది, చాలాసార్లు కంటికి ఆనదు. 30లో అయితే పారుతూ ఉంటుంది. ఇంకా పట్టు కావాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి, ఉచితమే, షట్టర్ చేతికొస్తుంది. ప్రో వీడియో లేని ఆండ్రాయిడ్‌కు ఓపెన్ కెమెరా ఉంది. దాని సెట్టింగుల్లో కెమెరా ఏపీఐని కెమెరా2కి మార్చితేనే చేతి సెట్టింగులు తెరుచుకుంటాయి, అది కూడా ఫోన్ ఒప్పుకుంటే.

లైటింగ్ సెట్
1/50 పెట్టినా పోని పట్టీలు రెండు రకాలు, అవి కూడా చెప్పాలి.

ఒకటి జనరేటర్ కరెంటు. జాతరలో, వీధి స్టేజీల మీద సెట్టు 50 దగ్గర నిలకడగా ఉండదు, లోడు తగ్గితే ఒకటి రెండు హెర్ట్జ్ పైకి పోతుంది. అప్పుడు లేత నీడ మెల్లగా కిందికి జరుగుతూ కనిపిస్తుంది. దానికి పెద్ద మందు లేదు, 1/50 కంటే నిదానంగా 1/33 లేదా 1/25కి దిగితే కాస్త కలిసిపోతుంది.

రెండోది రంగుల ఎల్‌ఈడీ పార్ క్యాన్లు (స్టేజీ డబ్బా లైట్లు), సీరియల్ సెట్లు, స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్. వీటి మిణుకుకీ కరెంటుకీ సంబంధం లేదు, లోపలి డ్రైవర్ తన వేగంతో ఆర్పి వెలిగిస్తుంది. 1/50, 1/60, 1/100, 1/120 ఒక్కొక్కటే తిప్పి స్క్రీన్ చూస్తూ ఏది శుభ్రంగా ఉందో అక్కడ ఆపండి. వాల్ మీద అలలు అలలుగా గళ్లు వస్తే అది షట్టర్ తప్పు కాదు, వాల్ చుక్కలూ సెన్సర్ చుక్కలూ ఒకదానిమీద ఒకటి పడడం. రెండడుగులు పక్కకు జరిగినా, ఫోకస్ ముందున్న మనిషి మీద పెట్టినా తగ్గుతుంది.

పట్టీలు నిలువుగా వస్తున్నాయని ఎవరైనా అంటే కంగారు పడొద్దు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే అవీ నిలువుగానే వస్తాయి.

కపిలతీర్థం రోడ్
తెల్లగా పేలిపోయేది, జనం మొహాలు నల్లగా ఉండేది రెండూ ఒకే జబ్బు. ఫ్రేములో చీకటి ఎక్కువ ఉంది కాబట్టి ఆటో మొత్తం బొమ్మను ఎత్తుతుంది, ఆభరణాల మీద పడిన లైటు కాలిపోతుంది. వాహనం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఏఈ ఏఎఫ్ లాక్ (వెలుగు, ఫోకస్ మారకుండా పట్టేది) పడుతుంది, పక్కన సూర్యుడి గుర్తును కిందికి జరపండి. మైనస్ 0.7తో మొదలెట్టి, బంగారం మీద గీతలు, చెక్కుడు కనిపించేదాకా తగ్గించండి. జనం ఇంకా నల్లబడతారు, పడనీండి. నీడలో ఉన్నది తర్వాత ఎడిటింగులో కొంత ఎత్తొచ్చు, కాలిపోయిన తెలుపులో ఏమీ మిగలదు.

లాక్ వేయకపోతే ఇంకో బాధ: హారతి వెలగ్గానే వీడియో మొత్తం ఒక్కసారి నల్లబడి మళ్లీ తేరుకుంటుంది, ఫోకస్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

వైట్ బ్యాలెన్స్ (లైటు రంగుకు బొమ్మను సరిచేసేది) కూడా ఆటోలో ఉంచొద్దు. పసుపు దీపాలు ఎక్కువుంటే 3000 నుంచి 3200 కెల్విన్, తెల్ల ట్యూబులైతే 5500 పైన. రెండూ కలిసిన చోట మొహం మీద ఏ లైటు పడుతోందో దానికి పెట్టి మిగతాది వదిలేయండి.

కొర్లగుంట కుర్రోడు
3ఎక్స్ సంగతి? దానికి వేరే లెన్సు ఉండాదని పెట్టె మీద రాసినారే.

రిపేరు బెంచి
లెన్సు ఉంటుంది, రాత్రి వాడకపోవచ్చు. టెలి (జూమ్ లెన్సు) సెన్సర్ చిన్నది, చీకట్లో దానికి వెలుగు చాలదు. కెమెరా యాప్ చెప్పా పెట్టకుండా 1ఎక్స్ లెన్సుకు మారి దాని నడిమధ్య కోసి పెద్దది చేసి చూపిస్తుంది. పరీక్ష సులువు: 3ఎక్స్ నొక్కి టెలి లెన్సు మీద వేలు పెట్టండి. బొమ్మ నల్లబడకపోతే అది కోత బొమ్మే. అలాంటప్పుడు 1ఎక్స్‌లో 4కె తీసి తర్వాత కోసుకోవడం మేలు. 1080పి వీడియోకు 4కెలో రెండింతలు కోసినా నాణ్యత నిలుస్తుంది.

0.5ఎక్స్ కూడా రాత్రి తీయొద్దు. చాలా ఫోన్లలో దానికి ఓఐఎస్ (లెన్సునే కదిపి వణుకు ఆపేది) ఉండదు, ఆటోఫోకస్ కూడా ఉండదు. సూపర్ స్టెడీ లాంటి పేర్లున్న మోడ్లు అనేక ఫోన్లలో ఆ లెన్సునే వాడతాయి, అందుకే పగలు అద్భుతం, సాయంత్రం ఆరు దాటితే గంజి.

50 మెగాపిక్సెల్ మోడ్ కూడా పగటికే. మామూలు మోడ్‌లో నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెల్ ఇస్తుంది, రాత్రి కావాల్సింది అదే. 108 వాళ్లకు తొమ్మిది కలిసి 12.

మదనపల్లె మామ
ఇన్ని చెప్పేముందు లెన్సు తుడుచుకోమనండి నాయనా. సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

రిపేరు బెంచి
సగమో కాదో గానీ, మామ మాట నిజమే. దీపం చుట్టూ ఒకే దిశలో పొడుగాటి గీత లాగినట్టు వస్తే అది వేలి జిడ్డు. చొక్కా అంచుతో తుడిస్తే జిడ్డు పోదు, గీత దిశ మారుతుంది అంతే. కళ్లజోడు గుడ్డ, నోటి ఆవిరి ఒకసారి. విభూది, ఇసుక పడి ఉంటే ముందు ఊది తర్వాత తుడవండి, లేకపోతే పూత మీద గీతలు పడతాయి.

తుడిచినా రాత్రి లైట్ల చుట్టూ పొగలా ఉంటే లెన్సు మీద అంటించిన గాజు ప్రొటెక్టర్ పీకి అదే చోట ఇంకో ఫోటో తీసి పోల్చండి. వంద రూపాయల గాజు మీద ప్రతిబింబం తగ్గించే పూత ఉండదు. బయట మార్పించిన కెమెరా గాజుతోనూ ఇదే గోల. ఫ్లాష్ వేసినప్పుడు మాత్రమే పొగ వస్తే బ్యాక్ కవర్ అనుమానించండి. పారదర్శక కవర్ పచ్చబడితే ఫ్లాష్ వెలుగు దాని లోపలే పాకి లెన్సులోకి దూరుతుంది.

ఫ్రేములో ఆకుపచ్చ చుక్కలు తేలుతుంటే అవి దుమ్మూ కాదు, దెయ్యమూ కాదు. బలమైన దీపం లెన్సుల మధ్య అద్దంలా కొట్టుకుంటోంది. దీపం ఎక్కడుందో దానికి ఎదురు మూలలో చుక్క ఉంటుంది. దీపాన్ని ఫ్రేము బయటికి నెట్టడం ఒక్కటే దారి.

చిత్తూరు తోతాపురి
నడుస్తా తీస్తే రాత్రి ప్రతి అడుగుకూ బొమ్మ చెదిరి మళ్లీ నిలబడినట్టు ఉంటాంది. పగలు అట్ల లేదు.

పెళ్లివీడియో తిరుపతి
అది ఈఐఎస్, అంటే సాఫ్ట్‌వేర్ స్థిరీకరణ. ఫ్రేమును తిప్పి వణుకు సరిచేస్తుంది గానీ, రాత్రి ఆటోలో షట్టర్ 1/30కి దిగితే అప్పటికే ఫ్రేము లోపల పడిన మసకను తుడవలేదు. అందుకని బొమ్మ నిలబడి ఉంటుంది, మసక మాత్రం అడుగు అడుగుకూ కొట్టుకుంటుంది. రాత్రి ఈఐఎస్ ఆపి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి నిలబడి తీయండి. ప్రో వీడియోలో 1/50 పెట్టినా ఈ కొట్టుకోవడం తగ్గుతుంది. ఇంకా తగ్గాలంటే 1/100, ఐఎస్‌ఓ పెరిగి గింజలు వస్తాయి, ఏది భరిస్తారో మీ ఇష్టం. నాకైతే గింజలే నయం.

నైట్ మోడ్ ఫోటోకూ ఇదే లెక్క. రెండు మూడు సెకన్లు వరసగా తీసి కలుపుతుంది. వెలుగుల్లో నిలబడిన గోపురానికి బంగారం లాంటిది, నడిచే జనానికి పనికిరాదు.

ఘాట్ రోడ్ రైడర్
వణుకు పగలు కూడా ఉంటే ఇంకోటి చూడండి. బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి ఘాట్ ఎక్కేవాళ్లు ఎక్కువ. పెద్ద ఇంజను బండ్ల కంపనానికి ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో రాతపూర్వకంగా హెచ్చరించింది. లోపల లెన్సును అయస్కాంతాలతో తేలించి పెడతారు మరి. గుర్తుపట్టడం: 1ఎక్స్‌లో కదలని గోడను చూపితే బొమ్మ జెల్లీలా అదురుతుంది, లెన్సు దగ్గర సన్నటి గీ శబ్దం. 0.5ఎక్స్‌కు మారితే మామూలుగా ఉంటుంది. అలా ఉంటే మెయిన్ కెమెరా మాడ్యూల్ మార్చాల్సిందే, ఏ సెట్టింగూ బాగుచేయదు.

కెమెరా ఆపి ఉన్నప్పుడు ఫోన్ ఊపితే టకటక అనడం మాత్రం మామూలే, దానికి షాపుకు పరిగెత్తొద్దు.

కొండమీద మంచు
చలికాలం ఏసీ కారులోంచి తిరుమలలో దిగి వెంటనే తీస్తే ఉక్కపోతకు లెన్సు మసకేస్తుంది అంటారు, అది తిరగబడింది. కొండ మీద చల్లగాలికి చల్లబడిన ఫోన్‌తో కిందికి దిగినప్పుడే పడుతుంది, లేదా ఎండాకాలం గట్టి ఏసీలోంచి దిగినప్పుడు. చల్లటి గాజు, తడిగాలి కలిసినప్పుడే మసక. తుడిస్తే మళ్లీ పడుతుంది, పది నిమిషాలు వదిలేస్తే పోతుంది. గాజు లోపలి వైపున నీటి మసక ఉంటే మాత్రం సీలు పోయినట్టు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి జిగురు కరిగించుకోవద్దు.

కపిలతీర్థం రోడ్
పగటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మే నెల మధ్యాహ్నం ఎఫ్1.8 లెన్సు, ఐఎస్‌ఓ 50 అయితే షట్టర్ 1/4000 దగ్గరకు పోతుంది. ఒక్కో ఫ్రేము కత్తితో కోసినట్టు ఉంటుంది, కదలిక మాత్రం గతుకులు గతుకులుగా. క్లిప్‌తో పట్టే ఎన్‌డీ64 ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్ల గాజు) పెడితే ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగం) తగ్గి 1/60 దగ్గరికి వస్తుంది. తిప్పే రకం ఎన్‌డీలు చివరిదాకా తిప్పితే బొమ్మ మీద ఇంటూ గుర్తులా నీడ పడుతుంది, కొనేటప్పుడు చూసుకోండి.

గంగమ్మ జాతరలో వేషాల మొహాలకు కుంకుమ ఎరుపు ముద్దలా వస్తోందంటే రెడ్ ఛానెల్ నిండిపోయింది. ఎక్స్‌పోజర్ మైనస్ 1, వివిడ్ లాంటి రంగుల ప్రొఫైల్ తీసి న్యాచురల్. బ్యూటీ మోడ్ కూడా ఆపండి, అద్దిన రంగును చర్మం అనుకుని నున్నగా రాసేస్తుంది.

వీడియో మధ్యలో ఆగిపోతే అది వేడి. 4కె 60 ఎండలో తీయొద్దు, 4కె 30 చాలు. కవర్ తీసి, స్క్రీన్ వెలుగు తగ్గించి, తీతకూ తీతకూ మధ్య నీడలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లకు పైన రాసిన మసకే బహుమతి.

కొర్లగుంట కుర్రోడు
వాట్సాప్?

లైటింగ్ సెట్
అటాచ్‌లో గ్యాలరీ కాదు, డాక్యుమెంట్ నొక్కి ఫైల్ ఎంచుకో. 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు పోతుంది. గ్యాలరీలోంచి పంపితే కుదించేస్తుంది, హెచ్‌డీ గుర్తు నొక్కితే కాస్త నయం, అంతే. స్టేటస్‌కు ఈ దారి లేదు. యూట్యూబ్‌లో ఎక్కించిన వెంటనే మసకగా ఉంటే ఆగు, ముందు చిన్న సైజు తయారవుతుంది, హెచ్‌డీ తర్వాత వస్తుంది. ఇన్‌స్టాలో మీడియా క్వాలిటీ కింద అప్‌లోడ్ ఎట్ హైయెస్ట్ క్వాలిటీ అని ఉంటుంది, ఆన్ చేయ్.

నీ ఫోన్లో బాగుండి అవతలి ఫోన్లో రంగులు పాలిపోతే హెచ్‌డీఆర్ వీడియో (వెలుగునీడల తేడా ఎక్కువ పట్టేది) ఆన్‌లో ఉన్నట్టు. పంచుకునే వీడియోలకు ఆపెయ్. అవతల పాత ల్యాప్‌టాప్‌లో ఆగి ఆగి ఆడితే హెచ్‌ఈవీసీ (కొత్త కుదింపు పద్ధతి) బదులు పాత హెచ్.264లో తీయ్, సైజు దాదాపు రెండింతలు అవుతుంది. ఐఫోన్ చెప్పే లెక్కలో 4కె 30 హెచ్‌ఈవీసీలోనే నిమిషానికి 170 ఎంబీ, 1080పి 30 అయితే 60. వాహన సేవ మొత్తం 4కెలో తీయాలంటే ముందు రోజే ఫోన్ ఖాళీ చేసుకో.

కొర్లగుంట కుర్రోడు
1/50 పెట్టి ఇప్పుడే వీధిలో ట్యూబులైటు కింద చూసినా, పట్టీలు లేవు. ఐఎస్‌ఓ 1600 చూపిస్తాంది. ఎంతదాకా పోనీయచ్చన్నా?

పెళ్లివీడియో తిరుపతి
మామూలు ఫోన్‌కు 800 దాకా శుభ్రం, 1600 ఓర్చుకోవచ్చు, 3200 దాటితే మొహం మీద చర్మం మైనంలా అవుతుంది. పరిమితి పెట్టుకోవాలంటే ఐఎస్‌ఓను చేత్తో 1600 దగ్గర కట్టెయ్, షట్టర్ 1/25కి దించు. 25 ఎఫ్‌పీఎస్‌లో 1/25 కుదురుతుంది, 30లో కుదరదు. నిదానంగా సాగే వాహనానికి సరిపోతుంది, కోలాటం వాళ్లకు మాత్రం మళ్లీ 1/50.