ఐరన్‌మ్యాన్ పేరుతో విరాళాలు అడగడం సబబేనా?

దూరపు ఈత:
నవంబరులో మలేసియాలోని లంకావిలో జరిగే ఐరన్‌మ్యాన్‌కు పేరు ఇచ్చాను. 3.8 కిలోమీటర్ల సముద్రపు ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ 17 గంటల్లో ముగియాలి. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లల కోసం, నా ఫోను నంబరుతో ఒక పేజీ పెట్టి, కిలోమీటరుకు ఇంత అని విరాళాలు సేకరిస్తున్నాను. ఈ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించాలి. దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుమును తొలగించే మందులు ఏళ్ల తరబడి వాడాలి. మా ఆఫీసులో ఒక పెద్దాయన "నీ సరదాకు మమ్మల్ని డబ్బులు అడుగుతావేమిటి?" అన్నారు. నా ఖర్చులన్నీ నేనే పెట్టుకుంటున్నాను, విరాళాల్లోంచి ఒక్క రూపాయి ముట్టను. అయినా ఆ మాట మనసులోంచి పోవడం లేదు. మీరేమంటారు?

గోదావరి గట్టు:
పెద్దాయన అన్నదే నిజమండి. ప్రవేశ రుసుము, విమానం టికెట్లు, సైకిలును పెట్టెలో సర్ది తీసుకెళ్లే ఖర్చు, హోటలు, అన్నీ కలిపితే లక్షల్లోకి వెళ్తుంది. ఆ డబ్బు నేరుగా ఆ పిల్లలకే ఇవ్వవచ్చు కదా! మన పెద్దవాళ్లు గుప్తదానం చేసేవారు. మా ఊళ్లో వేసవిలో చలివేంద్రం పెట్టేవాళ్లు ఎండలో పరిగెత్తి చూపించి చందా అడగలేదు. పోటీకి వెళ్లాలని ఉంటే వెళ్లండి, ఇవ్వాలని ఉంటే ఇవ్వండి. రెండూ ముడిపెడితే ఎదుటివాళ్లు మొహమాటానికి ఇస్తారు. అడిగేది పైఅధికారి అయితే మరీనూ.

పద్దుల మనిషి:
మొహమాటం సంగతి ఒప్పుకుంటాను. తన కింద పనిచేసేవాళ్లను అడగకూడదు, అంతే. కానీ "ఆ లక్షలు నేరుగా ఇవ్వవచ్చు" అన్న లెక్క ఒక్క మనిషి జేబు దగ్గరే ఆగిపోతుంది. ఆయన అడుగుతున్నది వందమందిని.

కెనడాలో టెర్రీ ఫాక్స్ ఏం చేశాడో చూడండి. కాన్సర్ వల్ల కుడికాలు పోయిన కుర్రాడు. కాన్సర్ పరిశోధన కోసం 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. రోగం ఊపిరితిత్తులకు పాకడంతో దారిలోనే ఆగిపోవలసి వచ్చింది. దేశంలో తలకు ఒక డాలరు చొప్పున అడిగాడు. 1981 ఫిబ్రవరి నాటికి ఆ 2.4 కోట్ల డాలర్లు సమకూరాయి. ఆయన చేతిలో ఉన్న సొమ్ము ఇచ్చి ఇంట్లో కూర్చుంటే అంత వచ్చేదా? ఇచ్చేవాళ్ల మనసు కూడా అలాగే పనిచేస్తుంది. శ్రమ, నొప్పి ఉన్న కార్యక్రమానికి జనం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడతారని ఒలివోలా, షఫీర్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు.

నా బాధ వేరు. పోటీ ఒక్క రోజుది. పిల్లవాడికి రక్తం మూడు వారాలకు ఒకసారి కావాలి. నవంబరులో వచ్చిన డబ్బు అయిపోయాక మందులు ఎవరు కొంటారు? అందుకే ఒకేసారి ఐదు వేలు అడగవద్దు, నెలకు రెండు వందలు ఏడాదిపాటు అడగండి. రెండో విషయం, డబ్బు మీ ఫోను నంబరుకు రాకూడదు. నేరుగా సంస్థ ఖాతాలో పడాలి, రసీదు ఇచ్చినవారి పేరున రావాలి. మీ నిజాయితీ మీద అనుమానం ఉండి చెప్పడం లేదు. అది పిల్లల డబ్బు, మధ్యలో ఒక్క రోజు కూడా ఇంకొకరి ఖాతాలో ఉండకూడదు.

డల్లాస్ తెలుగు:
ఇక్కడి మిత్రుల కోసం ఒక సంగతి. భారత పౌరసత్వం ఉన్న ఎన్‌ఆర్‌ఐలు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉండాలి, సొమ్ము ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. "నీ ఖాతాకు పంపుతాం, నువ్వు కట్టేయి" అంటే ఒప్పుకోకండి.

అత్యవసర విభాగం డాక్టరు:
అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్‌లలో (ఇలా ఈత, సైకిలు, పరుగు కలిసిన పోటీల్లో) జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు 135 పరిశీలిస్తే, మూడింట రెండు వంతులు ఈతలోనే జరిగాయి. ఊపిరి అందకపోతే వెంటనే చేయెత్తి పడవను పిలవాలి. "ఇంతమంది నమ్మి డబ్బిచ్చారు" అన్న ఆలోచన ఆ చేతిని లేవనివ్వదు. నాకు భయం అక్కడే. కిలోమీటరుకు ఇంత అని రాయించుకోవడం దయచేసి మానండి. డబ్బు ముందే కట్టించుకోండి. మీరు 20 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయినా అది పిల్లలకే చెందుతుందని మొదటి వాక్యంలోనే రాయండి.

గోదావరి గట్టు:
టెర్రీ ఫాక్స్ పరిగెత్తింది తన ఒంట్లో ఉన్న రోగం మీద. మీ సైకిలుకూ తలసేమియాకూ ఏమిటి సంబంధం? ఆ పిల్లలకు మొదట కావలసింది రక్తం. మీతో సాధన చేసేవాళ్లంతా ఆరోగ్యవంతులే కదా. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. వాళ్లను అడగండి.

దూరపు ఈత:
అడుగుతాను. ఈ ఏడాది పోటీలు లేనివాళ్లు మా బృందంలో చాలామందే ఉన్నారు. పేజీలో నా నంబరు తీసేసి సంస్థ ఖాతా పెడుతున్నాను, కిలోమీటరు లెక్క కూడా తీసేస్తాను. కానీ అడగడం మాత్రం మాననండి. ఈ పోటీ పుణ్యమా అని మా ఆఫీసులో చాలామంది తలసేమియా అన్న మాట మొదటిసారి విన్నారు. డాక్టరు గారూ, రక్తం ఇస్తే సాధన ఎన్నాళ్లు ఆపాలి?

అత్యవసర విభాగం డాక్టరు:
ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది, ఎర్రకణాలకు కొన్ని వారాలు పడుతుంది. తేలికపాటి సాధన త్వరగానే మొదలుపెట్టవచ్చు, దూరపు పరుగులు మాత్రం ఆగాలి. మీరు లంకావి నుంచి వచ్చి, కోలుకున్నాక ఇవ్వండి.