ఉంటున్న ఇంటిని ఇప్పుడే కొడుకు పేర రాయడమా, వీలునామాతో ఆగడమా?

కాకినాడ మేనల్లుడు:
మా మేనమామ గారికి 74 ఏళ్ళు. అత్తయ్య గారు కాలం చేశారు. మామయ్య గారికి స్వార్జితంతో కట్టుకున్న ఇల్లు ఒకటి, అన్నదమ్ముల పంపకాల్లో వచ్చిన తాతల నాటి పొలం రెండెకరాలు ఉన్నాయి. దగ్గరుండి చూసుకుంటున్న కొడుకు ఇంటిని ఇప్పుడే దాన సెటిల్‌మెంటుగా, అంటే కుటుంబ సభ్యుడికి ఇచ్చే దానపత్రంగా, తన పేర రిజిస్టరు చేయమంటున్నాడు. డాలస్‌లో ఉన్న కూతురు వీలునామా చాలునని, ఇల్లు అన్నయ్యకే రాసినా తనకు అభ్యంతరం లేదని అంటోంది. ఏది మేలో కారణాలతో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత తహసీల్దారు:
నేను సెటిల్‌మెంటును ఇప్పుడే రిజిస్టరు చేయడం పక్షమే. వీలునామా రాసిన మనిషి పోయాకే దాని అసలు పరీక్ష మొదలవుతుంది. వారసుల్లో ఒకరు కాదంటే, సాక్షి సంతకం చేసినవారిలో కనీసం ఒకరు బతికి ఉండి, రాగలిగే స్థితిలో ఉంటే, కోర్టుకు వచ్చి చెప్పాలి. వీలునామా రిజిస్టరు అయినా ఈ బాధ తప్పదు. మన ఊళ్ళలో సాక్షులుగా ఎవరిని పిలుస్తారు? రాసేవారి ఈడు స్నేహితులనే కదా; కేసు విచారణకు వచ్చేనాటికి వాళ్ళలో ఎవరు మిగులుతారు? సెటిల్‌మెంటుకు స్టాంపు డ్యూటీ ఖర్చయినా విషయం ఆ రోజుతో తేలిపోతుంది.

సివిల్ వకీలు:
విషయం ఆ రోజుతో తేలిపోవడమే నా అభ్యంతరం. వీలునామాను మనసు మారితే చించేసి మరొకటి రాసుకోవచ్చు, దానికి స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు. దానపత్రాన్ని మాత్రం దాత తన ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకోవడానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకోదు. పైగా మన దస్తావేజుల్లో "ప్రేమాభిమానములచేత ఇచ్చి, ఈ దినమే మీ స్వాధీనము చేసితిని" అన్న వాక్యం అచ్చుగుద్దినట్టు ఉంటుంది తప్ప, తండ్రిని చూసుకోవాలన్న మాట ఒక్కటీ ఉండదు. లేఖరి దగ్గర ఉన్న పాత నమూనాలో పేర్లు మార్చి రాసిన కాగితం మీద ఒక జీవితం సంపాదన చేతులు మారిపోతుంది!

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 23వ సెక్షను ప్రకారం, కనీస అవసరాలు చూడాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే, అరవై దాటిన దాత కోరిక మీద ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించవచ్చు. ఆ దరఖాస్తు మన దగ్గర ఆర్డీఓ ముందుకు వెళుతుంది. అయితే ఆ షరతు ఉన్నదని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో స్పష్టంగా చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో కొంత ఉదారంగా చూసి, కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించిన మాట నిజమే. కానీ అక్కడ కూడా కాగితం ఉంది. నోటిమాటను నమ్ముకుని ఆఫీసుల చుట్టూ తిరిగేవారికి ఆ తీర్పు పెద్దగా పనికిరాదు.

పొలం సంగతి వేరు. అది పిత్రార్జితమైతే కూతురికీ కొడుకుకూ పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అన్నదమ్ములతో పంపకమైనా పిల్లలతో కాలేదు; అలా విభజన కాని తన వాటాను తక్కినవారి సమ్మతి లేకుండా దానం చేస్తే చెల్లదని 1987లో తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే వాటాను వీలునామా ద్వారా ఇవ్వడానికి హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను అనుమతిస్తుంది. కనుక పొలం వరకు వీలునామాయే దారి, వాదన అవసరమే లేదు.

డాలస్ ప్రవాసి:
ఆ కూతురి స్థానంలో ఉన్నదానిగా ఒక మాట. ఏ కాగితమూ రాయకుండా మామయ్య గారు కాలం చేస్తే ఇంట్లో ఆ అమ్మాయికి సగం వాటా వస్తుంది, అప్పుడు అన్నయ్య పేర మార్చాలంటే ఆమె ఇక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపడమో, స్వయంగా రావడమో తప్పదు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ ఉన్నారు కదా అని ఊరుకోకండి. నామినీ సొమ్ము అందుకొనే మనిషి మాత్రమే, యజమాని కాదు.

విశ్రాంత తహసీల్దారు:
వకీలు గారు మధ్యేమార్గాన్ని వదిలేశారు. దాత తన జీవితకాలం అనుభవ హక్కు, అంటే ఆ ఇంట్లో ఉండి వాడుకునే హక్కు, ఉంచుకుని దానం చేయవచ్చు. స్వాధీనం ఇవ్వకపోయినా రిజిస్టరు అయిన దానం చెల్లుతుందని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన రేణికుంట్ల రాజమ్మ కేసులోనే 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చాకిరీ చేస్తున్న కొడుకుకు కూడా ఒక భరోసా ఉండాలి కదండీ.

సివిల్ వకీలు:
ఉండాలి, కాదనను. అయితే అనుభవ హక్కు నెత్తి మీద కప్పును కాపాడుతుంది గాని ఆసుపత్రి బిల్లు కట్టదు. రేపు పెద్ద వైద్యం అవసరమైతే ఆ ఇంటిని అమ్మడానికో తాకట్టు పెట్టడానికో మామయ్య గారికి అధికారం ఉండదు. వీలునామా రాసుకుంటే చివరి రోజు వరకూ ఉంటుంది. ఉన్న ఒక్క ఇంటిని అందుకే ఇవ్వవద్దంటాను. అయినా ఇచ్చి తీరాలనుకుంటే దస్తావేజులోనే ఇలా రాయించండి: "దాతకు జీవితాంతము నివాసము, భోజనము, వస్త్రములు, వైద్యము గ్రహీత సమకూర్చవలెననియు, తప్పిన పక్షమున ఈ దస్తావేజును రద్దుపరచుకొను హక్కు దాతకు కలదనియు షరతు." కొడుకు ఈ వాక్యానికి అభ్యంతరం చెబితే, ఆ సంగతి రిజిస్ట్రేషనుకు ముందే తెలియడం మంచిది.

కాకినాడ మేనల్లుడు:
ఆ వాక్యం చదివి వినిపించాను. కొడుకు ఒప్పుకున్నాడు గాని, వైద్యం మాట విన్నాక మామయ్య గారే వీలునామా వైపు మొగ్గారు. సాక్షులుగా ఎవరిని పెట్టమంటారు?

విశ్రాంత తహసీల్దారు:
కనీసం ఇద్దరు ఉండాలి. ఆస్తి పొందేవారు సాక్షి సంతకం చేయకూడదు, రాయించే హడావుడిలోనూ ముందుండకూడదు, ఎందుకంటే కోర్టులు అనుమానించేది మొదట దాన్నే. వయసులో చిన్నవారిని, ఊళ్ళోనే ఉండేవారిని ఎంచుకోండి. వీలైతే ఆయనను చూసే డాక్టరు గారు ఒక సాక్షిగా ఉంటే మతిస్థిమితం గురించిన ప్రశ్నకు తావు తగ్గుతుంది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించండి. ఆయన నడవలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారును ఇంటికి రప్పించుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.