ఎఫ్(ఆర్) సిద్ధాంతంలో విశ్వ స్థిరాంకమే దాగి ఉందా?

సవరించిన గురుత్వ సిద్ధాంతాలపై పనిచేసినవారు దయచేసి నా సందేహం తీర్చగలరా? రెండు వారాలుగా ఇదే నా మనసులో నలుగుతోంది.

దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికంటే మసకగా ఉన్నాయని 1998లో తేలినప్పటి నుంచి విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని అంటున్నాం. దీనికి కృష్ణశక్తిని (విస్తరణను వేగవంతం చేస్తుందనుకునే, ఏమిటో తెలియని శక్తిని) తీసుకురాకుండా ఐన్‌స్టీన్ సమీకరణాలనే సవరించాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. అందుకే భౌతిక శాస్త్రవేత్తలు హు, సావికీ 2007లో ప్రతిపాదించిన ఎఫ్(ఆర్) నమూనాను, అంటే ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి స్థలకాల వక్రత (ఆర్) మీద ఆధారపడే ఒక కొత్త పదాన్ని చేర్చే నమూనాను, కాగితం మీద చేసి చూశాను. వక్రత విలువ పెంచుతూ పోతే, కొత్తగా చేర్చిన పదం నెమ్మదిగా ఒక స్థిర సంఖ్య దగ్గర నిలిచిపోయింది! వక్రత సున్నా అయితే ఆ పదమూ సున్నా అవుతుంది, నిజమే. అయినా, వద్దనుకున్న విశ్వ స్థిరాంకం (కృష్ణశక్తికి అతి సరళ రూపంగా ఐన్‌స్టీన్ సమీకరణాల్లో ఉంచే స్థిర సంఖ్య) దొడ్డిదారిన తిరిగి వచ్చినట్టే కదా? మరి త్వరణానికి కారణం సవరించిన గురుత్వమా, ఆ స్థిర సంఖ్యా?

2017 ఆగస్టు 17న, రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాల వెనుక 1.7 సెకన్లకే గామా కిరణాలు అందడంతో, ఆ తరంగాల వేగం దాదాపు కాంతి వేగమేనని తేలి, సవరించిన గురుత్వ సిద్ధాంతాల్లో చాలా దెబ్బతిన్నాయి. ఎఫ్(ఆర్) మాత్రం నిలిచింది, అందులో ఆ తరంగాల వేగం కాంతి వేగమే కాబట్టి.

ఇంకొక్కటి. ఇందులో పదార్థంపై ఆకర్షణ గరిష్ఠంగా మూడో వంతు పెరుగుతుంది, కాంతి వంపు దాదాపు మారదు. అలాంటప్పుడు గెలాక్సీల కదలికలను గురుత్వ కటక ప్రభావంతో (గురుత్వం వల్ల కాంతి వంగడంతో) పోల్చితే తేడా బయటపడాలి. పదార్థం దట్టంగా ఉన్నచోట ఆ అదనపు బలాన్ని అణచివేసే కామెలియన్ ప్రభావం పనిచేయని చోట్లు ఏవి? విశ్వంలోని శూన్య ప్రాంతాలేనా? లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పినా చాలు.