పెద్దమ్మని ఢిల్లీ యుద్ధ స్మారకానికి తీసుకెళ్తున్నాను, పేరు ఎలా వెతకాలి?

ప్రశ్న:
మా పెద్దనాన్న 1971 డిసెంబరు యుద్ధంలో పోయారు. అప్పటికి పెద్దమ్మకి ఇరవై ఏళ్లు. ఇంటికి మనిషి రాలేదు, నల్ల ట్రంకుపెట్టె వచ్చింది. దాని మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు ఉంటుంది. పెద్దమ్మ ఆ పెట్టె మొత్తం తడిగుడ్డతో తుడుస్తుంది కానీ, చెరిగిపోతాయేమోనని ఆ అంకెల జోలికి మాత్రం పోదు.

మొన్న "ఆయన పేరు రాయి మీద చెక్కారటగా, ఒక్కసారి చూపించరా" అంది. ఇన్నేళ్లలో నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు. అన్ని వేల పేర్లలో వెతకడం ఎలా? ఇండియా గేట్ దగ్గర జ్యోతి ఆర్పేశారని ఎవరో చెప్పారట, దానికి బాధపడుతోంది. ఆమెకి మోకాళ్ల నొప్పులు కూడా.

జవాబు 1:
జ్యోతి గురించి ముందు ఆమె మనసు కుదుటపరచండి. 1972 జనవరి 26 నుంచి ఇండియా గేట్ కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకానికి తీసుకెళ్లి అక్కడి జ్యోతిలో కలిపారు. ఇప్పుడు స్మారకం మధ్యలోని స్తంభం కింద, అమర్ చక్ర అనే వలయంలో వెలుగుతోంది.

పేర్లుండేది త్యాగ్ చక్ర అనే మరో వలయంలో. మన పద్మవ్యూహంలా గుండ్రంగా తిరిగే గోడలు, ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కొక్కరి పేరు. 25 వేలకు పైగా ఉన్నాయి కాబట్టి ఊరికే తిరిగితే దొరకదు. పేరు ఏ గోడ మీదుందో చూపించే టచ్‌స్క్రీన్లు అక్కడున్నాయి. ప్రవేశం ఉచితం. నడక మాత్రం ఎక్కువే, గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి.

జవాబు 2:
బాబూ, నేను పదిహేడేళ్లు ఫౌజులో చేశాను. ఆ పెట్టె మీది నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లు. ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు, ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు. నంబరు, రెజిమెంటు తెలిస్తే పొరపాటు జరగదు. ఇంకో మాట. సాయంత్రం పూట అమరుల కుటుంబసభ్యులతో పుష్పగుచ్ఛం పెట్టించే కార్యక్రమం ఉంటుంది. దాని గురించి మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ముందే కనుక్కో. ఆమె కూర్చోవాల్సిన చోటు అది. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
వెళ్లొచ్చాం. నంబరు రాసుకెళ్లడం వల్లే దొరికింది, మీకు రుణపడి ఉంటాను సార్. పేరులో ఒక అక్షరం మేం రాసేదానికంటే వేరుగా ఉంది.

పలక ఆమె భుజం ఎత్తులో ఉంది. కాసేపు ఊరికే చూసింది. తర్వాత కొంగు తడిపి పలకంతా తుడిచింది. ఈసారి అక్షరాల మీద కూడా తుడిచింది, ఒక్కో అక్షరం గాడిలోకి వేలు పెట్టి మరీ. నేను పక్కకి వెళ్లి నిలబడ్డాను.

జ్యోతి దగ్గర "వానొస్తే ఆరిపోదా?" అని అడిగింది. గ్యాసుతో వెలుగుతుంది, పగలూ రాత్రీ ఆగదని చెప్పాను. "అయితే సరే" అని, చెప్పులు విప్పి, చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.