పీమా డేటాసెట్‌పై మధుమేహ మోడల్: 78 శాతం దగ్గర ఆగిపోతే పరిశోధనకు విలువ లేనట్టేనా?

ప్రశ్న: రీసెర్చ్ స్కాలర్, కంప్యూటర్ సైన్స్

అందరికీ నమస్కారం. మధుమేహం వచ్చే అవకాశాన్ని ముందుగా అంచనా వేసే మెషీన్ లెర్నింగ్ మోడల్ నా పీహెచ్‌డీ అంశం. ఈ రంగంలో పనిచేసే చాలామందిలాగే నేను కూడా పీమా ఇండియన్స్ (అమెరికాలోని ఒక ఆదివాసీ తెగ) డేటాసెట్‌ను తీసుకున్నాను. అందులో 768 మంది మహిళల వివరాలు, ఒక్కొక్కరికి ఎనిమిది కొలతలు, చివరన మధుమేహం వచ్చిందా లేదా అనే ఫలితం ఉంటాయి. ఎన్ని పద్ధతులు మార్చినా నా మోడల్ కచ్చితత్వం 78 శాతం దాటడం లేదు. ఇదే డేటాసెట్‌పై 90, 95, ఒక్కోచోట 98 శాతం సాధించామని చెప్పే వ్యాసాలు కుప్పలుగా కనిపిస్తున్నాయి.

గత డాక్టోరల్ కమిటీ సమావేశంలో రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. మా విభాగానికి చెందిన సభ్యులు "మిగతావారి కంటే మీ ఫలితం ఎందుకు తక్కువ?" అని అడిగారు. కమ్యూనిటీ మెడిసిన్ నుంచి వచ్చిన సభ్యురాలు మాత్రం "ఈ మోడల్‌ను ఎవరు, ఎక్కడ, ఎవరి కోసం వాడతారు?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు సమాధానం వెతుకుతున్నాను. రెండో ప్రశ్నకు ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు. అనుభవజ్ఞులు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: గణాంకశాస్త్ర అధ్యాపకుడు

ముందుగా ఒక మాట. ఈ డేటాసెట్‌పై 78 శాతం నిజాయతీ గల ఫలితం, దాన్ని తక్కువగా చూడవలసిన పని లేదు. 1988లో దీనిపై వచ్చిన తొలి అధ్యయనంలోనే 576 మంది వివరాలతో మోడల్‌కు శిక్షణ ఇచ్చి, మిగిలిన 192 మందిపై పరీక్షించారు. వ్యాధి వచ్చేవారిని పట్టుకోవడంలోనూ, రానివారిని సరిగ్గా వదిలేయడంలోనూ అప్పుడు దాదాపు 76 శాతం వచ్చింది. ఆ ఎనిమిది కొలతల్లో ఉన్న సమాచారం అంత మేరకే ఉంది. లేని సమాచారాన్ని ఏ అల్గారిథమూ పుట్టించలేదు.

మరి 95 శాతం ఎలా వస్తోందో ఒక్క ఉదాహరణతో చూపిస్తాను, మీ కంప్యూటర్‌లోనే సరిచూసుకోండి. ఇన్సులిన్ కాలమ్‌లో 374 వరుసల్లో సున్నా ఉంటుంది. ప్రాణమున్న మనిషి రక్తంలో ఇన్సులిన్ సున్నా ఉండదు కాబట్టి ఆ కొలత తీసుకోలేదని అర్థం. చర్మపు మందం కాలమ్‌లో 227, రక్తపోటు కాలమ్‌లో 35 సున్నాలు కూడా అలాంటివే. చాలామంది ఈ ఖాళీలను పూరించేటప్పుడు మధుమేహం వచ్చినవారి మధ్యస్థాన్ని వారికి, రానివారి మధ్యస్థాన్ని వీరికి వేరువేరుగా వేస్తారు. అలా చేస్తే వ్యాధి రాని ప్రతి ఖాళీలో 102.5, వచ్చిన ప్రతి ఖాళీలో 169.5 చేరతాయి. అంటే దాదాపు సగం వరుసల్లో జవాబును మనమే రాసిపెట్టాం. వరుస ప్రశ్నలతో నిర్ణయానికి వచ్చే డెసిషన్ ట్రీ మోడల్‌కు ఆ రెండు అంకెలు కనబడితే చాలు, ఇంకే వివరమూ అక్కర్లేదు. నిజంగా ఆసుపత్రికి వచ్చిన మనిషి విషయంలో ఫలితం ముందుగా తెలియదు కాబట్టి, ఏ మధ్యస్థం వేయాలో ఎవరూ చెప్పలేరు.

స్మోట్ వంటి పద్ధతితో కృత్రిమ వరుసలను తయారు చేసి, ఆ తర్వాత శిక్షణకూ పరీక్షకూ డేటాను విడదీయడం రెండో లోపం. అప్పుడు పరీక్షలో ఉన్న వరుసల ఛాయలు శిక్షణలోనే ఉంటాయి. ముందు విడదీసి, శిక్షణ భాగంలో మాత్రమే ఇవన్నీ చేయాలి.

ఇంకొకటి. డేటాలో ఐదో వంతును పరీక్షకు ఉంచితే 154 మంది వస్తారు. అక్కడ రెండు శాతం తేడా అంటే ముగ్గురు మనుషులు. 78 శాతం చుట్టూ అనిశ్చితి అటూ ఇటూ ఆరు శాతానికి మించి ఉంటుంది కాబట్టి, 78 కంటే 80 మెరుగని వాదించే వ్యాసంలో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. పైగా 768 మందిలో 500 మందికి మధుమేహం రాలేదు. అందరికీ "రాదు" అని చెప్పే మోడల్‌కు కూడా 65 శాతం కచ్చితత్వం దక్కుతుంది. మీ కమిటీకి ఈ లెక్కలన్నీ ఒక పట్టికలో చూపించండి. ఎక్కువ శాతాలు ప్రకటించిన వ్యాసాల పద్ధతిని మీరే మళ్లీ అమలు చేసి, లీకేజీని, అంటే జవాబు ముందే మోడల్‌కు చేరిపోయే లోపాన్ని, తొలగించాక ఎంత మిగిలిందో చూపగలిగితే, థీసిస్‌లో ఒక అధ్యాయం అక్కడే సిద్ధమవుతుంది.

సమాధానం 2: కమ్యూనిటీ మెడిసిన్ వైద్యురాలు

రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ఆ 768 మంది ఎవరో ఒకసారి చూడండి. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, గిలా నది ప్రాంతంలో నివసించే పీమా ఆదివాసీ మహిళలు వారు. తమ భాషలో వారు తమను అకిమెల్ ఓదమ్ అని పిలుచుకుంటారు. 1965 నుంచి దశాబ్దాల పాటు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధకులు అక్కడ అధ్యయనం చేశారు. ప్రపంచంలోనే మధుమేహం అత్యధికంగా కనిపించిన సమాజాల్లో అదొకటి. డేటాసెట్‌లో 21 ఏళ్లు నిండిన మహిళలు మాత్రమే ఉన్నారు, పురుషులు ఒక్కరూ లేరు. ఎందరో రక్తమిచ్చి, ఏళ్ల తరబడి పరీక్షలకు వచ్చి సమకూర్చిన సమాచారమది. వారి పేరైనా తెలుసుకోకుండా దాన్ని అంకెల పట్టికగా వాడేయడం నాకు బాధ కలిగిస్తుంది.

గ్లూకోజ్ కాలమ్‌ను గమనించారా? అందులో అత్యధిక విలువ 199. గ్లూకోజ్ తాగించిన రెండు గంటల తర్వాత తీసిన కొలత అది. 200 లేదా అంతకు మించితే అప్పటికే మధుమేహం ఉన్నట్టు లెక్క కాబట్టి, అలాంటివారు ఈ జాబితాలోకి రాలేదు. మన పీహెచ్‌సీలో అందరికీ గ్లూకోజ్ తాగించి రెండు గంటలు కూర్చోబెట్టడం సాధ్యం కాదు. అది చేయగలిగిన చోట మీ మోడల్‌తో పెద్దగా పని ఉండదు.

మనవారి శరీర స్వభావం కూడా వేరు. సన్నగా కనిపిస్తూనే పొట్ట చుట్టూ కొవ్వు పెరిగి మధుమేహం వచ్చేవారు మన దగ్గర ఎక్కువ. నడుము చుట్టుకొలత పీమా డేటాసెట్‌లో లేనే లేదు. చెన్నైలో మధుమేహ పరిశోధకులు 2005లో ప్రచురించిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్‌ను చదవండి. వయసు, నడుము కొలత, తల్లిదండ్రుల్లో మధుమేహం, శారీరక శ్రమ అనే నాలుగు వివరాలతో వందకు లెక్కవేసి, 60 లేదా అంతకు మించి వస్తే రక్తపరీక్ష చేయించమంటుంది. దానికి టేపు ఒక్కటి చాలు, రక్తం తీయనక్కర్లేదు. మీ మోడల్ పోటీ పడవలసింది 95 శాతం వ్యాసాలతో కాదు, ఈ స్కోర్‌తో.

సమాధానం 3: మేనేజ్‌మెంట్ పరిశోధకుడు

ఖర్చు కోణం నుంచి ఒక లెక్క ఇస్తాను. 30 ఏళ్లు దాటినవారు వెయ్యి మంది ఉన్న ఊరిలో 120 మందికి మధుమేహం ఉందనుకుందాం. మీ మోడల్ వ్యాధి ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అప్పుడు మోడల్ 272 మందిని రక్తపరీక్షకు పంపుతుంది. వారిలో నిజంగా మధుమేహం ఉన్నవారు 96 మందే, అంటే 35 శాతం. పీమా డేటాసెట్‌లో వ్యాధి వచ్చినవారి వాటా 35 శాతం కాబట్టి, ఇదే మోడల్ అక్కడ హెచ్చరించిన ప్రతి వందమందిలో 68 మందికి వ్యాధి నిజమవుతుంది. మోడల్ మారలేదు, ఊరు మారింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మోడల్ వల్ల 728 మందికి పరీక్ష తప్పింది, 24 మంది రోగులు చేజారారు. ఒక గ్లూకోమీటర్ స్ట్రిప్ ఖర్చు, ఆశా కార్యకర్త సమయం ఒక పక్కన, ఆలస్యంగా బయటపడిన మధుమేహం ఆ కుటుంబంపై మోపే వైద్య ఖర్చు మరో పక్కన పెట్టి చూడండి. స్ట్రిప్ చవకైన చోట నేరుగా అందరికీ పరీక్ష చేయడమే మేలని తేలవచ్చు, అది కూడా ప్రచురించదగిన ఫలితమే. మోడల్ చెప్పే సంభావ్యత ఏ గీత దాటితే హెచ్చరించాలో ఈ ఖర్చులను బట్టి నిర్ణయించాలి. సాఫ్ట్‌వేర్ తనంతట ఇచ్చే 0.5 గీతను అలాగే ఉంచేయడానికి కారణం ఏదీ లేదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. జిల్లాలోని ఒక ఆసుపత్రి పాత రికార్డులు ఇవ్వడానికి సుముఖంగా ఉంది. పేర్లు తొలగించి ఇస్తే నేరుగా వాడుకోవచ్చా? పీమా డేటాసెట్‌ను పూర్తిగా వదిలేయాలా?

సమాధానం 2 ఇచ్చిన వైద్యురాలు

పేర్లు తొలగించినా ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా రికార్డులు ముట్టుకోవద్దండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు మనుషుల వివరాలపై జరిగే పరిశోధనకు వర్తిస్తాయి, ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధకు ప్రత్యేకంగా 2023లో మరో పత్రం వచ్చింది. పాత రికార్డుల విషయంలో ఒక్కొక్కరి సమ్మతి అవసరం లేదని కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. ఆ నిర్ణయం మాత్రం కమిటీదే, మీదీ ఆసుపత్రిదీ కాదు. ఆసుపత్రికి వచ్చినవారు ఊరందరికీ ప్రతినిధులు కారనే పరిమితిని దరఖాస్తులోనే రాయండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటినవారి రక్తంలో గ్లూకోజ్ కొలిచారు కాబట్టి, దాన్ని కూడా తోడుగా పరిశీలించండి.

సమాధానం 1 ఇచ్చిన అధ్యాపకుడు

పీమాను వదిలేయవద్దు, దాని స్థానం మార్చండి. పద్ధతిలోని లోపాలను చూపే అధ్యాయానికి అది సరిపోతుంది. మోడల్ పనితీరును మాత్రం మన జనాభా వివరాలపై, రిస్క్ స్కోర్‌తో పక్కపక్కన పెట్టి చూపించండి. రాసేటప్పుడు ట్రైపాడ్ అనే, అంచనా మోడళ్ల అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే సూచనలను అనుసరించండి. కృత్రిమ మేధ కోసం వాటిని 2024లో సవరించారు. 2022 నాటి యూజీసీ నిబంధనలు థీసిస్ సమర్పణకు ముందు వ్యాసం ప్రచురించి తీరాలనే షరతును తీసేశాయి. అయినా విశ్వవిద్యాలయాల సొంత నియమాలు వేరుగా ఉండవచ్చు కాబట్టి, మీ రీసెర్చ్ సెల్‌లో అడిగి తెలుసుకోండి. ఎథిక్స్ కమిటీ దరఖాస్తు ఈ నెలలోనే మొదలుపెట్టండి, అనుమతికి పట్టే సమయంలో మొదటి అధ్యాయం పూర్తి చేసుకోవచ్చు.