అండమాన్‌లో ప్రభుత్వ బోట్ల సీట్లు పర్యాటకులు తీసుకోవచ్చా?

గాజువాక దంపతులు:
జనవరిలో నేనూ మా ఆవిడా అండమాన్ దీవులకు వెళ్దామనుకుంటున్నాం. ప్యాకేజీ తీసుకోకుండా, చెరొక సంచీ భుజాన వేసుకుని, పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్, నీల్ దీవులు చూసి, లాంగ్ ఐలాండ్, రంగత్‌ల మీదుగా ఉత్తరాన డిగ్లీపూర్ దాకా ప్రభుత్వ బోట్లలోనూ బస్సుల్లోనూ తిరగాలని మా ఆలోచన. (2018లో హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అనీ పేర్లు మార్చారు గానీ, మేం సంప్రదించిన వారంతా పాత పేర్లే వాడుతున్నారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను.) ప్రైవేటు బోటు టికెట్టుకు ప్రభుత్వ బోటు కంటే చాలా ఎక్కువ అవుతుంది. అయితే ప్రభుత్వ బోట్లలో సీట్లు తీసుకుంటే అక్కడివారికి ఇబ్బంది అవుతుందని ఒక మిత్రుడు అన్నారు. అది ఎంతవరకు నిజమో తెలిసినవారు చెప్పగలరు.

సంచీ భుజాన:
నిస్సంకోచంగా తీసుకోండి. మేమిద్దరం అక్కడ తిరిగినదంతా ప్రభుత్వ బోట్లలోనే. ప్రైవేటు బోటులో ఏసీ గదిలో అద్దాలు బిగించి కూర్చోబెడతారు. ప్రభుత్వ బోటులో రెండు రెండున్నర గంటలు పట్టినా పైన డెక్ మీద నిలబడి దీవులు ఒక్కొక్కటిగా వెనక్కి జరుగుతుంటే చూడవచ్చు. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీ డబ్బు ఎవరికి చేరుతుందన్నది. మా అమ్మానాన్నలను ఒకసారి ప్యాకేజీలో పంపితే, మొత్తం సొమ్ము ముందే మెయిన్‌ల్యాండ్ ఏజెంటు పుచ్చుకున్నాడు. అక్కడ వారు కొబ్బరిబోండాం తాగడానికి తప్ప చేతినుంచి ఏమీ ఖర్చు పెట్టలేదు. మేం హావ్‌లాక్‌లో, 1950లలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కాందిశీకుల కుటుంబం ఒకటి నడిపే వెదురు గదుల్లో ఉన్నాం, వారు వండిన చేపల కూరే తిన్నాం. పైగా మనం ద్వీపవాసుల ఛార్జీ కట్టడం లేదు, బయటివారికి పెట్టిన ఎక్కువ ఛార్జీ కడుతున్నాం. ఇందులో సంకోచించవలసినదేమీ లేదు.

జంగ్లీఘాట్ వాసి:
శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడిన కుటుంబం మాది. నేను పుట్టింది ఇక్కడే. ఈ ప్రశ్న అడిగినందుకు గాజువాక అన్నయ్యకు కృతజ్ఞతలు, ఎందుకంటే అడిగేవారే తక్కువ. మా అక్కను ఇచ్చింది ఒక చిన్న దీవిలో. నెలలు నిండుతున్నప్పుడు స్కానింగ్ కోసం పోర్ట్ బ్లెయిర్ రావలసి వచ్చింది. మా బావ తెల్లవారకముందే జెట్టీ కౌంటర్ దగ్గర వరుసలో నిలబడ్డాడు. పేరు, వయసు, ఐలాండర్ కార్డు (ద్వీపవాసి గుర్తింపు కార్డు) నంబరు రాసిన చీటీ చేతిలో చెమటకు నానిపోయింది, వంతు వచ్చేసరికి సీట్లు లేవన్నారు. ఆ రోజు ఆ బోటులో కూర్చున్నవారిలో సంచీలవారు ఎంతమందో అతడు జెట్టీ మీద నిలబడి చూశాడు. మర్నాడూ దొరకలేదు. డెక్ మీద నిలబడి దీవులు చూడడం మీకు ఆనందమే కావచ్చు, కాని ఆ బోటు మాకు ఊళ్ళో తిరిగే బస్సు. ఆసుపత్రికీ, పరీక్షకూ, నీల్ కూరగాయలు మార్కెట్టుకు చేరడానికీ మాకు వేరే దారి లేదు.

సంచీ భుజాన:
మీ అక్కగారి విషయం విని బాధ కలిగింది. కాని ఆ తప్పు చాలినన్ని బోట్లు నడపనివారిది, ఛార్జీ చెల్లించి ఎక్కినవారిది కాదు. ద్వీపవాసికంటే మేం ఎన్నో రెట్లు చెల్లిస్తున్నాం. ఒక విధంగా చూస్తే మీ రాయితీలో కొంత భారం మా ఛార్జీయే మోస్తోంది.

జంగ్లీఘాట్ వాసి:
నేను ఛార్జీ మాట ఎత్తలేదు. సీటు మాట ఎత్తాను. మీరు పదింతలు కట్టినా ఆ బోటులో సీట్లు పెరగవు.

తీరవాసి:
ఒక చిన్న సూచన. జనవరిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా 2016 డిసెంబరులో వాతావరణం చెడి బోట్లు ఆగిపోయినప్పుడు హావ్‌లాక్, నీల్‌లలో వందలాది పర్యాటకులు చిక్కుకుపోయారు. తిరుగు విమానానికి ముందు ఒకటి రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా చూసుకోండి.

సంచీ భుజాన:
సీటు మాటే తీసుకుందాం. రెండు రకాల ఛార్జీలు పెట్టారంటేనే రెండు రకాల ప్రయాణికులూ ఎక్కవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. బయటివారు ఎక్కకూడదనుకుంటే బయటివారి ఛార్జీయే ఉండేది కాదు. దీనికి మీరు సమాధానం చెప్పలేదు.

జంగ్లీఘాట్ వాసి:
ఎక్కవచ్చా అన్నది చట్టం మాట, ఎక్కాలా అన్నది మనిషి మాట. అన్నయ్యా, మీకు నా సలహా ఇది: హావ్‌లాక్‌కు, నీల్‌కు ప్రైవేటు బోట్లున్నాయి, వాటిలో వెళ్ళండి. ఉత్తరానికి వెళ్ళాలనుకుంటే బోటు వద్దు, బస్సుంది. బారాటాంగ్ మీదుగా రంగత్, మాయాబందర్ దాటి డిగ్లీపూర్ దాకా రోడ్డు మీదే వెళ్ళవచ్చు.

చదువరి, హనుమకొండ:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను గానీ, ఈ చివరి సలహా చూశాక ఊరుకోలేకపోతున్నాను. ఆ రోడ్డు జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు జారవాలనే ఆదివాసుల రక్షిత అడవిని చీల్చుకుంటూ పోతుంది. 2011 జనాభా లెక్కల నాటికి వారు 380 మంది. 1990ల చివర వారు బయటివారితో కలవడం మొదలుపెట్టాక 1999లో తట్టు సోకింది. పర్యాటకుల ఎదుట జారవా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశమంతా తల దించుకుంది. ఆ అడవి గుండా పోయే రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002 మేలోనే ఆదేశించింది. అయినా నేటికీ పోలీసు కాపలాతో వాహనాలను గుంపుగా నడుపుతున్నారు. ఆగకూడదు, ఫోటో తీయకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు అన్న నిబంధనలున్నా, బస్సులో కూర్చున్న ప్రతి పర్యాటకుడి కళ్ళూ కిటికీ బయట వారికోసమే వెతుకుతాయి. బోటు సీటు కాపాడుకోవడానికి వీరిద్దరినీ ఆ అడవిలోకి పంపుతారా?

జంగ్లీఘాట్ వాసి:
హనుమకొండలో కూర్చుని రోడ్డు మూసేయమనడం తేలిక. రంగత్‌లో ఒకడికి రాత్రి గుండెనొప్పి వస్తే ఏ దారిన రావాలి? సముద్రం పోటు మీద ఉండి బోట్లు ఆగిన వానాకాలంలో ఏ దారిన రావాలి? మీ పుస్తకాల్లో మేం ఉండం. అడవి ఉంటుంది, జారవాలు ఉంటారు, బీచ్ ఉంటుంది. మధ్యన ఉన్న మేమంతా ఎవరమని మీ ఉద్దేశం?

సంచీ భుజాన:
ఇప్పుడు మీ నోటితో మీరే చెప్పారు. మీ అవసరానికి జారవాల అడవి గుండా పోవచ్చు, మేం మాత్రం మీ బోటు ఎక్కకూడదు. వేల రూపాయలు పోసి ప్రైవేటు బోటు ఎక్కగలిగినవాడు రావచ్చు, ఒక ప్రైవేటు పాఠశాలలో చిన్న జీతానికి పనిచేసే మాలాంటివాళ్ళు జీవితంలో ఒకసారి భార్యతో సముద్రం చూడాలనుకుంటే అది నేరం. మీ కోపమంతా మా సంచీల మీదే ఎందుకు? రిసార్టుల్లో దిగేవారు తాగే నీళ్ళూ, వేసే చెత్తా మీకు కనబడవా?

జంగ్లీఘాట్ వాసి:
కనబడతాయి. ఎండాకాలంలో ధనిఖారి డ్యాములో నీళ్ళు అడుగంటితే పోర్ట్ బ్లెయిర్‌లో మాకు కుళాయి రోజు విడిచి రోజు కూడా రాదు, హోటళ్ళకు మాత్రం ట్యాంకర్లు వెళ్తాయి. కాని రిసార్టువాడు నేను మంచివాడినని చెప్పుకోడు. మీరు చెప్పుకుంటున్నారు. తక్కువ ఖర్చుతో తిరిగితే ఆ ఊరికి మేలు చేసినట్టేనని మీరు నమ్ముతున్నారు, నాకు మంట పుట్టించేది అది. ఆ తక్కువ ఖర్చు మా కోసం ప్రభుత్వం పెట్టిన రాయితీ బోటు వల్లే వచ్చింది, మీ నిరాడంబరత వల్ల కాదు.

సంచీ భుజాన:
ప్రజల డబ్బుతో నడిచే బోటు ప్రజలందరిదీ. నా పన్నూ అందులో ఉంది. ఆ దీవులు మీకెంతో నాకూ అంతే.

జంగ్లీఘాట్ వాసి:
అంత కాదు. మీరు వారం ఉండి వెళ్తారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మేం ఇక్కడే ఉన్నాం.

చదువరి, హనుమకొండ:
అసలు విభేదం ఇన్ని మాటల తర్వాత బయటపడింది. ఎక్కువ కాలం ఉన్నవారికి ఎక్కువ హక్కు అన్నదే మీ వాదమైతే, వేల ఏళ్ళుగా ఉన్న జారవాల ముందు మీ హక్కు ఎంత? అది తేల్చకుండా సీటు గురించి మాత్రమే న్యాయం అడగడం కుదరదు. రంగత్ రోగి రావాలి, నిజమే. అందుకే ఆ దారిలో పర్యాటకులను పూర్తిగా ఆపి, మిగిలిన రాకపోకలకు సముద్రమార్గంలో బోట్లు పెంచాలి.

జంగ్లీఘాట్ వాసి:
పర్యాటకులను ఆ రోడ్డు మీద ఆపమంటే నాకు అభ్యంతరం లేదు. అన్నయ్యకు బస్సు సలహా ఇచ్చింది నేనే కాబట్టి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. మాకు రోడ్డు మూసేయమంటే మాత్రం ఒప్పుకోను.

గాజువాక దంపతులు:
మా ఆవిడా నేనూ కూర్చుని ఇదంతా చదివాం. డిగ్లీపూర్, బారాటాంగ్, లాంగ్ ఐలాండ్ మానుకున్నాం. హావ్‌లాక్, నీల్ దీవులకే పరిమితమై, ప్రైవేటు బోటు ఖర్చు భరించడానికి రోజులు తగ్గించుకుంటాం. నీల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ప్రభుత్వ బోటు బయలుదేరే ముందు సీట్లు మిగిలి ఉంటేనే ఎక్కుతాం.

సంచీ భుజాన:
మీ ఇష్టం. కాని మీరు వదిలిన సీటు ద్వీపవాసికే దక్కుతుందన్న హామీ ఎవరిచ్చారు? మరో పర్యాటకుడు తీసుకుంటాడు, అంతే.

జంగ్లీఘాట్ వాసి:
హామీ లేదు. అందుకే ప్రతి బోటులో కొన్ని సీట్లు ప్రయాణం ముందురోజు సాయంత్రం దాకా ఐలాండర్ కార్డున్నవారికి తప్ప ఇవ్వకూడదని అర్జీ రాస్తున్నాం. ప్రజలందరి బోటు అంటున్నారు కదా, దాని మీద సంతకం పెడతారా?

సంచీ భుజాన:
పెడతాను. ఆ తర్వాత మిగిలిన సీట్లు ఏజెంట్లకు గుత్తగా ఇవ్వకుండా, కౌంటర్ దగ్గర వరుసలో నిలబడినవారికే, ఎవరైనా సరే, ఇవ్వాలని కూడా అందులో రాయండి. అది లేకపోతే పెట్టను.